మేం విజయవాడ వెళ్ళింది దర్శనానికి మాత్రమే కాదు

పదకొండేళ్ళ పాటు మా వీధిలో అందరూ మా అమ్మని గొప్ప భక్తురాలు అనుకున్నారు. నెలకోసారి పొద్దున్నే భీమవరంలో రైలెక్కి, గుడివాడ మీదుగా విజయవాడ వెళ్ళేవాళ్ళం. సాయంత్రం తిరిగొచ్చాక అమ్మ పక్కింటికీ ఎదురింటికీ దుర్గమ్మ ప్రసాదం పంచేది. "అమ్మాయి పేరు మీద మొక్కుకున్నానండి" అనేది. దర్శనం నిజమే. కానీ కొండకి వెళ్ళే ముందు మేం సైకియాట్రిస్ట్ గారి దగ్గర రెండు గంటలు కూర్చునేవాళ్ళం. తన నోట అబద్ధం రాకూడదనే అమ్మ ప్రతిసారీ నాకు దర్శనం కూడా చేయించేది.

నాకు బైపోలార్ డిజార్డర్. 2012లో, బీఈడీ చదువుతుండగా, 22 ఏళ్ళప్పుడు బయటపడింది. వరసగా అయిదు రాత్రులు నిద్ర లేదు, అయినా అలసట లేదు. తెల్లవారుజామున మూడింటికి చాక్‌పీస్ పట్టుకుని ప్రహరీ గోడ నిండా లెక్కలు రాశాను. లోకంలో ఎవరికీ అందనిదేదో నాకు అందిపోయిందనిపించింది. మాట మీద మాట, ఆపేవాళ్ళ మీద కోపం. గాలి సోకిందన్నారు, దిష్టి అన్నారు. తాయెత్తు కట్టించారు. రెండు వారాలయ్యాక ఒక బంధువు గుట్టుగా రాసిచ్చిన అడ్రస్ పట్టుకుని అమ్మ నన్ను విజయవాడ తీసుకెళ్ళింది. ఆ హుషారు దిగాక నాలుగు నెలలు అంతా తలకిందులు. జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు.

ఆ తర్వాత మందులు కుదిరాయి. చదువు పూర్తయింది, లెక్కల టీచర్‌నయ్యాను, పెళ్ళయింది, పాప పుట్టింది. మధ్యలో ఒకసారి, 2017లో, జబ్బు తిరగబెట్టింది కూడా. ఇవన్నీ తెలిసింది అమ్మకి, అన్నయ్యకి, మా ఆయనకి, అంతే.

2023 జులైలో ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో క్యారేజీలు విప్పుతున్నాం. ఏడో తరగతిలో కొత్తగా చేరిన ఒక పాప గురించి మాట వచ్చింది. "వాళ్ళమ్మ మెంటల్ అటండీ. ఆ పిల్లని కాస్త విడిగా కూర్చోబెట్టండి, ఎప్పుడెలా ఉంటుందో" అంది తోటి టీచర్. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నాకు జ్వరమొస్తే రెండు పూటలా చారూ అన్నం పంపించిన మనిషి. నా హ్యాండ్‌బ్యాగ్ ఆవిడ మోచేతికి ఆనుకుని ఉంది. అందులో నా జబ్బుకి వేసుకునే లిథియం మాత్రల స్ట్రిప్ ఉంది. నేను నోరు మెదపలేదు. పైగా తలూపాను. ఆ తలూపడం నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

మర్నాడు పాప పడుకున్నాక ఫోన్‌లో నాలుగు నిమిషాలు రికార్డ్ చేశాను. "నేను ఒక టీచర్‌ని. నాకు మానసిక జబ్బు ఉంది" అని మొదలుపెట్టాను. విన్నాను. చెరిపేశాను.

నెల తిరిగేసరికి విజయవాడ వెళ్ళినప్పుడు డాక్టర్ గారికి ఈ సంగతి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. మన పశ్చిమ గోదావరి పల్లెల్లోనే జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ వాళ్ళు స్మార్ట్ మెంటల్ హెల్త్ పేరుతో పని చేశారని, అందులో జబ్బు అనుభవించిన మనిషి తన కథ తానే చెప్పే వీడియో, ఒక నాటకం ఊళ్ళలో చూపించారని చెప్పారు. పోస్టర్లు, ఉపన్యాసాల కన్నా, జబ్బున్న మనిషిని నేరుగా చూడటం, వినడం వల్లే జనంలో భయం ఎక్కువ తగ్గుతుందట. 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ నివేదిక కూడా అదే చెప్పిందన్నారు. నేను పుట్టి పెరిగిన జిల్లాలో ఇంత జరిగితే నా చెవిన పడలేదే అని బాధేసింది. అయినా పడేదెలా? ఎవరైనా ఆ మాట ఎత్తగానే నేనే పక్కకి తప్పుకునేదాన్ని.

ఆయన ఇంకో లెక్క కూడా చెప్పారు. 2015–16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు 12 రాష్ట్రాల్లో జాతీయ సర్వే చేస్తే, జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేలింది. ఆ పన్నెండులో మన రెండు రాష్ట్రాలూ లేవు. కానీ మా చుట్టుపక్కల ఎంతమంది దర్శనాలకనో, చుట్టాలింటికనో చెప్పి డాక్టర్ల దగ్గరికి వెళ్తున్నారో, ఎంతమంది అసలు వెళ్ళనే వెళ్ళడం లేదో ఆలోచిస్తే ఆ అంకె నాకు పెద్దదిగా అనిపించలేదు.

చెప్పాలని నిర్ణయించుకున్నాక మొదట అడ్డొచ్చింది భాష. బైపోలార్ అంటే మా అత్తయ్యకి అర్థం కాదు. ఉన్మాదం అంటే కత్తి పట్టుకున్న మనిషి గుర్తొస్తాడు. పత్రికల్లో రాసే 'మానసిక రుగ్మత' నోరు తిరగదు, ఇంట్లో ఎవరూ అనరు. అందరికీ తెలిసిన మాట ఒక్కటే, పిచ్చి. చిత్రమేమిటంటే ఆ మాటని మనం ఎంత ప్రేమగా వాడతామో! పిచ్చితల్లి అంటాం, పిచ్చి మొద్దు అంటాం, సినిమా పిచ్చి, క్రికెట్ పిచ్చి అంటాం. మా అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని "పిచ్చిదానా" అంటే నాకు ఎంతో బాగుంటుంది. అదే మాట పక్కింటి గోడ అవతల నుంచి వినపడితే గుండె ఆగిపోయేది. వారం రోజులు నోట్‌బుక్‌లో మాటలు రాసుకుంటూ కొట్టేసుకుంటూ గడిపాను. చివరికి బైపోలార్ అనే ఉంచి, వెంటనే "కొన్నాళ్ళు ఒంట్లో కరెంటు మరీ ఎక్కువగా, కొన్నాళ్ళు అసలు లేకుండా పోయే జబ్బు" అని చెప్పాను. మా ఊళ్ళో ఓల్టేజీ సంగతి తెలియని ఇల్లు లేదు.

భాష కన్నా పెద్ద అడ్డు మనుషులు. కథ నాదే అయినా అందులో నేనొక్కదాన్నే లేను. ఎవరైనా తమ కథ బయట పెట్టాలనుకుంటే నేను ముందుగా చెప్పేది ఇదే: రికార్డింగ్ నొక్కడానికి ముందు ఇంట్లోవాళ్ళందరికీ నేరుగా చెప్పండి, వాళ్ళకి టైమివ్వండి. నాకు అందుకు రెండు నెలలు పట్టింది. మా ఆయనకి పెళ్ళి చూపుల రోజే డాబా మీదకి తీసుకెళ్ళి చెప్పాను. అమ్మ వద్దంటే వద్దంది, అయినా చెప్పాను. అందుకని ఆయనతో ఇబ్బంది లేదు. "మా అమ్మకి మాత్రం నువ్వే చెప్పు. ఫోన్‌లో ఎవరో చూపిస్తే తట్టుకోలేదు" అన్నారు.

ఆ ఆదివారం అత్తయ్య పెరట్లో కూర్చుని రొయ్యలు వలుస్తున్నారు. నేనూ పళ్ళెం దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. మొదలుపెట్టడానికి పావు కిలో రొయ్యలు పట్టాయి. నెలనెలా విజయవాడ ఎందుకు వెళ్తున్నానో, రాత్రి తొమ్మిదిన్నరకే ఎందుకు పడుకుంటానో, చేతులు ఎందుకు సన్నగా వణుకుతాయో అన్నీ చెప్పాను. ఆవిడ చెయ్యి ఆపలేదు. తల తీసి, పొట్టు లాగి, నల్ల ఈనె తీసి పక్కన వేస్తూనే ఉన్నారు. నేను ఆగాక అడిగిన మొదటి మాట: "పాపకి వస్తుందా?"

నిజమే చెప్పాను. మిగతా పిల్లల కన్నా వచ్చే అవకాశం ఎక్కువే, కానీ తల్లికి ఉన్నంత మాత్రాన పిల్లలందరికీ రాదు, ఎక్కువమందికి రాదు. వస్తే ఎలా కనిపెట్టాలో నాకు తెలుసు, మా అమ్మకి అప్పట్లో తెలియలేదు. అత్తయ్య చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయారు. మూడు రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడారు. నాలుగో రోజు రాత్రి తొమ్మిది దాటాక టీవీ కట్టేసి, "పడుకో అమ్మా, టైమైంది" అన్నారు. అదే ఆవిడ జవాబు.

అన్నయ్య మాత్రం కోపగించుకున్నాడు. తనకి ఇద్దరు ఆడపిల్లలు. "రేపు సంబంధాలొచ్చినప్పుడు మేనత్త గురించి అడుగుతారు, ఏం చెప్పను?" అన్నాడు. ఆ భయాన్ని కొట్టిపారేయడానికి నాకు మనసు రాలేదు. మన దగ్గర సంబంధం కుదరాలంటే మూడు తరాలు ఆరా తీస్తారు. ఇంటిపేరు, ఊరు, బడి పేరు చెప్పనని, మొదట్లో ముఖం కూడా చూపించనని మాటిచ్చాను. ఆ మాట ఇప్పటికీ నిలబెట్టుకుంటున్నాను, అందుకే ఇక్కడా పేర్లు లేవు. ముఖం విషయంలో మాత్రం తర్వాత అన్నయ్యే పట్టు వదిలాడు.

మొదటి ఆడియో తొమ్మిది నిమిషాలు వచ్చింది. అన్నం మానేసిన రోజులు, చీకటి, కన్నీళ్ళు, చివరికి "నేను ఈ జబ్బుని జయించాను" అని ముగింపు. వింటుంటే నాకే ఒళ్ళు జలదరించింది. డాక్టర్ గారికి వినిపించాను. పూర్తిగా విని, "మీరు నిన్న రాత్రి మాత్ర వేసుకున్నారా?" అని అడిగారు. వేసుకున్నానన్నాను. "మరి అది ఇందులో ఎక్కడా లేదేం? ఇది విని ఎవరైనా మీలా జయిద్దామని మందులు మానేస్తే?" అన్నారు. మొదట మనసు చివుక్కుమంది. ఇంటికొచ్చే రైల్లో ఆలోచిస్తే ఆయన మాటలో ఒక్క అక్షరం కూడా తీసేయడానికి లేదు. 2017లో నాకు తిరగబెట్టింది సరిగ్గా అందుకే. బాగైపోయాననుకుని మూడు నెలలు మాత్రలు మానేశాను. ఆ సంగతే కథలో లేదు.

అప్పటి నుంచి నాకొక అభిప్రాయం గట్టిపడింది. గెలుపు కథలు వినడానికి బాగుంటాయి, కానీ జబ్బుతో బతుకుతున్నవాళ్ళకి అవి బరువు. వాళ్ళు గెలవలేదుగా, రోజూ మాత్ర వేసుకుంటున్నారు. వాళ్ళకి కావాల్సింది మాత్ర వేసుకుంటూనే బడికెళ్ళి, కూర వండి, పిల్ల జడ వేసి, కరెంటు బిల్లు కట్టే మనిషి. జబ్బు లేనివాళ్ళకి కూడా ఆ మనిషే కనపడాలి.

అందుకని మళ్ళీ మొదలుపెట్టాను. దుప్పట్ల బీరువా ఉన్న గదిలో తలుపులేసుకుని, ఫ్యాన్ ఆపేసి, ఫోన్‌ని దిండు మీద పెట్టుకుని రికార్డ్ చేసేదాన్ని. ఒక్కో భాగం నాలుగైదు నిమిషాలకి మించకుండా చూసుకున్నాను. చచ్చిపోవాలనిపించిన రోజుల గురించి చెప్పాను, కానీ ఏం చేయబోయానో, ఎలాగో ఎక్కడా చెప్పలేదు. ఆ వివరం వింటున్నవాళ్ళలో ఎవరికి దారి చూపుతుందో మనకి తెలియదు. మందుల పేర్లలో లిథియం ఒక్కటే చెప్పాను, డోసు చెప్పలేదు. ప్రతి భాగం చివరా టెలీ మానస్ నంబరు 14416 చెప్పాను. కేంద్రం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ అది, తెలుగులో మాట్లాడతారు. 2023లో అదే అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, మొదటి భాగం యూట్యూబ్‌లో పెట్టి, వాట్సాప్ స్టేటస్‌లో లింకు ఉంచాను. పెట్టి, ఫోన్ బియ్యం డబ్బా మీద బోర్లించి వంట మొదలుపెట్టాను.

మొదటి రెండు భాగాలు పెద్దగా ఎవరూ వినలేదు. జనంలోకి వెళ్ళింది మూడోది. అందులో కన్నీళ్ళు లేవు. రక్త పరీక్షకి వెళ్ళిన ఒక పొద్దుట మాత్రమే ఉంది.

లిథియం ఒంట్లో ఎంతుందో చూడాలంటే రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకి రక్తం తీయాలి. నేను తొమ్మిదింటికి వేసుకుంటాను కాబట్టి ల్యాబ్ తెరిచేసరికి బెంచీ మీద ఉంటాను. పొద్దుట మాత్ర సంచిలోనే ఉంటుంది, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. సూది గుచ్చే అబ్బాయికి నా కుడిచేతి నరం ఎక్కడ దొరుకుతుందో చూడకుండానే తెలుసు. రిపోర్టులో 0.6కీ 1.0కీ మధ్య ఉంటే ఊపిరి పీల్చుకుంటాను. తగ్గితే మందు పనిచేయదు, బాగా పెరిగితే అదే విషం. మన ఎండల్లో చెమట ఎక్కువ పట్టినా, నీళ్ళు తక్కువ తాగినా, బీపీ అని ఒక్కసారిగా ఉప్పు మానేసినా అది పెరిగిపోతుంది. ఒళ్ళు నొప్పులని షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని నొప్పి మాత్రలతో కూడా పెరుగుతుంది. అందుకని మే నెలలో నా పక్కన ఎప్పుడూ నీళ్ళ సీసా ఉంటుంది. వాటితో పాటు థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు. షుగరున్న మా మావయ్య నెలనెలా ఏం చేస్తారో నేనూ అదే చేస్తున్నాను, ఆయన నలుగురిలో చెప్పుకుంటారు, నేను చెప్పుకోను. ఇంతే చెప్పాను. చివర్లో బోర్డు మీద గీత గీస్తున్న నా చెయ్యి వీడియో తీసి కలిపాను. గీత సన్నగా వణుకుతూ ఉంటుంది, లిథియం వాడే చాలామందికి ఉండే వణుకే. కింద లెక్క మాత్రం సరిగ్గా ఉంటుంది.

"మాకూ అదే వణుకండి", "మా చెల్లి కూడా ఆ పరీక్షకే వెళ్తుంది, మేం థైరాయిడ్ అని చెప్తాం" అంటూ తాడేపల్లిగూడెం, నిజామాబాద్, డల్లాస్ నుంచి మెసేజీలు వచ్చాయి. ఎక్కువగా రాత్రి పది దాటాకే వచ్చేవి. వాయిస్ మెసేజీల్లో జనం గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు, వెనకాల ఫ్యాన్ చప్పుడు వినపడేది. ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయేమో, చిన్నప్పుడు తన అన్నయ్యని పశువుల పాకలో రాటకి కట్టేసేవాళ్ళని, తానే కంచంలో అన్నం పెట్టి తోసేవాడినని చెప్పారు. అరవై ఏళ్ళలో ఎవరికీ చెప్పలేదట. అది విన్న రాత్రి నేను అన్నం తినలేకపోయాను. తర్వాతి భాగంలో ఆయన అనుమతితో ఆ సంగతి చెప్పి, 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు మంటల్లో తప్పించుకోలేక చనిపోయారని, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 95వ సెక్షన్ గొలుసులతో కట్టడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించిందని చెప్పాను. ఆ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది.

నవంబర్‌లో బడి యాజమాన్యం నన్ను పిలిచింది. గొంతు గుర్తుపట్టిన ఒక పేరెంట్ ఫోన్ చేశారట. డాక్టర్ దగ్గర నుంచి లెటర్ తెచ్చేదాకా క్లాసులకి వెళ్ళొద్దన్నారు. పదకొండు పని దినాలు ఆఫీసు గదిలో కూర్చుని వేరేవాళ్ళ పేపర్లు దిద్దాను. కిటికీ లోంచి నా పదో తరగతి కనపడేది. లెటర్ ఇచ్చాక మళ్ళీ పంపించారు. క్షమాపణ లాంటిదేమీ లేదు. ఆ రోజుల్లో నాకు కోపం కన్నా భయం ఎక్కువ వేసింది, ఉద్యోగం పోతే నా కథ విని ధైర్యం తెచ్చుకున్న వాళ్ళందరూ మళ్ళీ నోరు మూసుకుంటారేమోనని. క్లాసులోకి వెళ్ళిన రోజు చివరి బెంచీ అబ్బాయి లేచి, "టీచర్, మీరు వేసుకునే లిథియం మా ఆవర్తన పట్టికలో మూడోదేనా?" అని అడిగాడు. అదే అన్నాను. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టర్ దాన్ని ఈ జబ్బుకి వాడి చూశాడని చెప్పాను. అందరూ పుస్తకం తీసి ఆ గడి వైపు చూశారు. తర్వాత వర్గ సమీకరణాలు మొదలుపెట్టాం.

స్టాఫ్‌రూమ్‌లో ఆ మాట అన్న టీచర్ మారిందని చెప్పలేను. నా ముందు 'మెంటల్' అనడం మానేసింది, అంతవరకు తెలుసు. ఆ పాప మాత్రం నా క్లాసులో ముందు బెంచీలోనే కూర్చుంది.

ముఖం చూపించిన మొదటి వీడియో 2024 మార్చి 30న, ప్రపంచ బైపోలార్ దినం నాడు పెట్టాను. అన్నయ్య ఫోన్ చేసి, "నీ గొంతు ఎలాగూ అందరూ పట్టేశారు. దాక్కున్నట్టు ఎందుకు?" అన్నాడు. వదిన వెనక నుంచి ఏదో అంటోంది, తను పెట్టిన పోరేనేమో.

అప్పుడే నేను చేసిన తప్పు నన్ను పట్టుకుంది. వచ్చిన ప్రతి మెసేజ్‌కీ జవాబివ్వాలనుకున్నాను. ఒక రాత్రి పదకొండున్నరకి ఒక అమ్మాయి "ఇంక వద్దక్కా" అని పంపింది. వెంటనే ఫోన్ చేశాను. ఇంట్లో ఎవరున్నారని అడిగి, వాళ్ళ నాన్నని నిద్ర లేపించి, పక్కనే కూర్చోమని, 14416కి కలిపేదాకా మాట్లాడాను. ఆ అమ్మాయి ఇప్పుడు బాగానే ఉంది, డిగ్రీ చివరి ఏడాది. కానీ నాకు ఆ రాత్రి నిద్ర లేదు, తర్వాత రెండు రాత్రులూ లేదు. నాలుగో రోజు ఉదయం నాలుగింటికే లేచి ఒకేసారి ఆరు భాగాలకి స్క్రిప్టులు రాసేశాను, ఒంట్లో ఎక్కడలేని హుషారు. మా ఆయన వచ్చి నోట్‌బుక్ చూసి, నా వైపు చూసి, ఏమీ అనకుండా డాక్టర్ గారికి ఫోన్ చేశారు. బైపోలార్ ఉన్నవాళ్ళకి నిద్ర తప్పితే జబ్బు తలుపు తట్టినట్టే. ఇతరులకి నేనే చెప్పిన మాట అది.

మందు కొంచెం మార్చారు, ఆరు వారాలు అంతా ఆపేశాను. ఇప్పుడు రాత్రి ఎనిమిది తర్వాత ఫోన్ అత్తయ్య గదిలో ఉంటుంది. జవాబులు ఆదివారం మధ్యాహ్నమే. నేను డాక్టర్‌ని కాదని, అత్యవసరమైతే 14416కి చేయమని మెసేజ్ పంపిన ప్రతి ఒక్కరికీ దానంతటదే వెళ్ళేలా పెట్టాను. ఆ ఆరు వారాలు ఎందుకు ఆగిపోయానో కూడా ఒక భాగంగా చెప్పాను. జయించాననే ముగింపు ఉంచి ఉంటే ఇది చెప్పగలిగేదాన్ని కాదు.

తర్వాత ఇతరుల కథలు కూడా చేర్చడం మొదలుపెట్టాం. ఒక రొయ్యల రైతు వచ్చాడు. తెల్లమచ్చ రోగంతో చెరువు మొత్తం పోయి, అప్పులు మెడకి చుట్టుకుని, ప్రాణం తీసుకోబోయిన మనిషి. కేసవుతుందని భయపడి ఇంట్లోవాళ్ళు హాస్పిటల్‌లో తిండి పడలేదని చెప్పారట. అసలు సంగతి తెలియక సైకియాట్రిస్ట్‌కి చూపించమని ఎవరూ అనలేదు, ఏడాది పోయింది. అదే 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వమే చికిత్స, ఆసరా ఇవ్వాలి. ఆ సంగతి నేను చెప్పినప్పుడు ఆయన చాలాసేపు చెరువు గట్టు వైపు చూస్తూ ఉండిపోయాడు. పెట్టే ముందు ఆయనకి మొత్తం రెండుసార్లు వినిపించాం. వడ్డీ వ్యాపారి ఊరు తీసేయమన్నాడు, తీసేశాం. ఇంకొకావిడ కథ పెట్టిన నాలుగు నెలలకి, చెల్లికి సంబంధం వచ్చిందని తీసేయమంది. ఎందుకని అడగలేదు, అప్పటికప్పుడే తీసేశాను. బాగా విన్న కథ అది. చెప్పడం ఎంత హక్కో వెనక్కి తీసుకోవడం కూడా అంతే హక్కు.

మొన్న వేసవిలో అమ్మ మా ఇంటికొచ్చింది. అప్పటికి నా భాగాలన్నీ వినేసింది. ఒక మధ్యాహ్నం వచ్చి, "నేను చెప్తాను, నువ్వు ఫోన్ పట్టుకో" అంది. దుప్పట్ల గదిలో కింద చాప వేసుకుని కూర్చుంది. పైట సర్దుకుంది, ఆడియోనే అని చెప్పినా సర్దుకుంది.

"మా అమ్మాయి చెప్పిందాంట్లో ఒకటి తప్పుందండి" అని మొదలుపెట్టింది. "డాక్టర్ గారు చెప్పగానే తనే అర్థం చేసుకుని మందులు వేసుకున్నానని చెప్పింది కదా. వేసుకోలేదు. మాత్రలు కిటికీలోంచి విసిరేసేది. అప్పుడు చుక్కల మందు తెచ్చి మజ్జిగలో కలిపి ఇచ్చాను. ఇరవై రోజులు. తనకి మజ్జిగంటే ఇష్టం. గ్లాసు ఖాళీ చేసి నా వైపు చూసి నవ్వేది. ఆ నవ్వు చూసి నేను వంటింట్లోకి పోయి ఏడ్చేదాన్ని. నమ్మి తాగుతోంది కదండీ."

నా చేతిలో ఫోన్ ఉంది. ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది. నేను ఆపలేదు. పదమూడేళ్ళుగా నేనే ఒప్పుకున్నాననుకున్నాను, ఎంతమందికి అలాగే చెప్పాను. మనిషికి తెలియకుండా, ఒప్పుకోకుండా మందు ఇవ్వకూడదని ఒక భాగంలో గట్టిగా వాదించింది కూడా నేనే. ఇప్పటికీ ఆ మాటే అంటాను. ఆ మజ్జిగ తాగకపోయుంటే నేను ఏమైపోయేదాన్నో కూడా నాకు తెలుసు. ఈ రెండూ ఎలా కలపాలో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

ఆ ఆడియో పన్నెండు నిమిషాలు. ఇంకా పెట్టలేదు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా పాప అన్నం తిందా అని అడిగి, నేను నీళ్ళు సరిగ్గా తాగుతున్నానా అని అడిగి, చివర్లో కాస్త ఆగి, "అది పెట్టావా?" అంటుంది.

"ఇంకా లేదమ్మా. ఈసారి నువ్వొచ్చాక మళ్ళీ ఒకసారి విందాం" అంటున్నాను.